వాన పడితే కార్లో నీళ్లు ఊరుతున్నాయా? సిలికాన్ ట్యూబు పక్కన పెట్టి ముందు దారి వెతకండి

మీ ప్రశ్న చదివానండి. ఏడేళ్ల హ్యాచ్‌బ్యాక్, ఉండేది పాలకొల్లు దగ్గర, వాన గట్టిగా కురిసిన మర్నాడు డ్రైవరు పక్క సీటు ముందు కాళ్ల దగ్గర కార్పెట్ నొక్కితే నీళ్లు ఊరుతున్నాయి. ఒక చోట డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మార్చారు, ఇంకో చోట ముందు అద్దం చుట్టూ సిలికాన్ పూశారు, రెండిటికీ డబ్బులయ్యాయి, నీళ్లు మాత్రం ఆగలేదు. కారు పెట్టేది ఇంటి ముందు వేపచెట్టు కింద. ఇప్పుడు మూడో ఆయన డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలంటున్నాడు, విప్పించనా అని అడిగారు.

విప్పించకండి. మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం అద్దం మీదా కాదు, డోరు మీదా కాదు, వైపర్ల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ మీద. ఆ జాలీ కింద అడ్డంగా ఒక తొట్టి ఉంటుంది. అద్దం మీద పడిన వానంతా అందులోకి దిగి రెండు పక్కలా ఉన్న కంతల్లోంచి కిందికి పోవాలి. ఆకులు అడ్డుపడితే తొట్టి నిండుతుంది, ఏసీ బ్లోయరు బయటి గాలి పీల్చే కంత కూడా అక్కడే, మన కార్లలో ఎక్కువగా ఎడమవైపే ఉంటుంది కాబట్టి నీళ్లు అందులోంచి సరాసరి పక్క సీటు వాళ్ల కాళ్ల మీదికి దిగుతాయి. అది కాకపోతే రెండో అనుమానం ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు. ఈ రెండూ చూసుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక పూట తీరిక చాలు.

నేను రావులపాలెంలో ఇరవై రెండేళ్ల నుంచి కార్ల ఏసీ, వైరింగ్ పని చేస్తున్నాను. నీళ్ల కంప్లైంట్ నిజానికి నా పని కాదు, కానీ అందరూ సీలు చేసి చేసి, చివరికి కార్పెట్ కింద వైరు పచ్చబడి సెంట్రల్ లాకింగ్ దానంతటదే కొట్టుకోవడం మొదలయ్యాక బండి నా దగ్గరికే వస్తుంది.

ముందే సీలు చేయొద్దని ఎందుకంటున్నానంటే, మన పెంకుటిళ్లు గుర్తు తెచ్చుకోండి. నడి గదిలో చుక్క పడుతుంది, నిచ్చెనేసుకుని చూస్తే అక్కడి పెంకు శుభ్రంగా ఉంటుంది. పగిలింది రెండు బారలు పైన ఎక్కడో ఉంటుంది, నీరు వాసం వెంట జారి జారి వచ్చి ఒక ముడి దగ్గర చుక్కై రాలుతుంది. కారూ అంతే, వాసాల బదులు వైర్ల కట్టలు, రేకు మడతలు ఉంటాయి. తడి కనిపించేది నీళ్లు ఆగిన చోట. దూరిన చోటు వేరే ఉంటుంది.

ఇక పని ఎలా మొదలుపెట్టాలో చెప్తాను.

ముందు పూర్తిగా ఆరబెట్టాలి, ఇది చేయకుండా ఏ పరీక్ష చేసినా దండగే. కార్పెట్ పైన చేత్తో రాస్తే పొడిగానే తగులుతుంది, దాని కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, అది లీటర్ల కొద్దీ నీళ్లు తాగి కూర్చుంటుంది. మీరు ఎండలో డోర్లు తీసి పెడతారు, పైన ఆరుతుంది, రెండు రోజులాగి కాలు పెడితే కింది నీళ్లు మళ్లీ పైకి వస్తాయి, మీరేమో కొత్త నీళ్లొచ్చాయనుకుంటారు. మీ బీడింగ్ మార్చినాయన నిజంగానే సరిగ్గా చేసి ఉన్నా అది తెలుసుకునే దారి ఇప్పుడు మీకు లేదు, ఎందుకంటే మధ్యలో ఫోమ్ ఆరనే లేదు. డోరు గడప మీద ఉండే ప్లాస్టిక్ పట్టీ క్లిప్పుల మీదే ఉంటుంది, మెల్లగా పైకి లాగితే వస్తుంది. కార్పెట్ అంచు ఎత్తి కింద రెండు కొబ్బరి డొక్కలు పెట్టండి, కిందికి దిగకుండా ఆగుతుంది. పాత తువ్వాలు అదిమి నీళ్లు పీల్చేసి, ఒక టేబుల్ ఫ్యాను ఆ సందులోకి తిప్పి రెండు రోజులు వదిలేయండి. మన దగ్గర గాలిలోనే తేమ ఎక్కువ, ఒక్క రోజులో ఆరదు.

ఆరాక కార్పెట్ కింద, రేకు మీద న్యూస్‌పేపరు పరవండి. పేపరు మీద నీటి మరక ఎటు నుంచి ఎటు పాకిందో గీతలాగా తెలుస్తుంది. పైన కార్పెట్ మీద టాల్కం పౌడరు చల్లినా అదే పని చేస్తుంది, కానీ పేపరు చవక, తీసి పారేయడం తేలిక.

తర్వాత నీళ్లు ఎప్పుడెప్పుడు వస్తున్నాయో చూడాలి. మీరు 'వాన పడినప్పుడే' అన్నారు, తప్పుగా అనుకోకండి, ఆ మాట నేను పూర్తిగా నమ్మను. వానలో అందరం అద్దాలెక్కించుకుని, లోపల ఆవిరి పట్టకుండా ఏసీ వేస్తాం. అంటే వానా ఏసీ రెండూ ఒకేసారి. ఏ నీళ్లో ఎలా తెలుస్తుంది? అందుకే విడదీయాలి. వాన లేని రోజు కారు చదునుగా ఉన్న సిమెంటు నేల మీద పెట్టి, ఇంట్లో కాదు ఆరుబయటే, ఏసీ ఫుల్లుగా వేసి అరగంట ఉంచండి. మన ఉక్కకి ఆ అరగంటలో బండి కింద, ముందు భాగంలో, చక్కగా నీళ్ల మడుగు కట్టాలి. కింద చుక్క పడలేదంటే ఆ నీళ్లు లోపలే ఎక్కడో చేరుతున్నాయని అర్థం. ఇంకో రోజు ఏసీ అసలు వేయకుండా వానలో బండి వదిలేసి, పొద్దున్నే పేపరు చూడండి.

ఇంకో చిన్న కిటుకు ఉంది, నేనైతే ముందు ఇదే చూస్తాను. గ్లవ్ బాక్స్ ఊడదీస్తే వెనక క్యాబిన్ ఫిల్టరు ఉంటుంది, చాలా కార్లలో పనిముట్టేమీ లేకుండా బయటికి లాగొచ్చు. గాలి ముందు ఫిల్టరు దాటి ఆ తర్వాత కూలింగ్ కాయిల్ దగ్గరికి వెళ్తుంది. కాబట్టి ఏసీ నీళ్లు ఫిల్టరుని తడపవు. ఫిల్టరు తడిగా ఉన్నా, మట్టి చారలు పడి వంకర్లు పోయి ఉన్నా, నీళ్లు పైనుంచి జాలీ దారిలో వచ్చాయని దాదాపు ఖాయం. ఫిల్టరు పొడిగా ఉందంటే మాత్రం జాలీ నిర్దోషి అని అనుకోకండి, తొట్టి పక్కన వైర్లు దూరే చోట రబ్బరు గ్రామెట్లుంటాయి, అవి ఎండి పగిలినా నీళ్లు ఫిల్టరుని ముట్టకుండా దిగిపోతాయి.

పోయినేడాది కొత్తపేట వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు, అచ్చం మీ కథే. బ్లోయరు వేస్తే లోపల గుడగుడమని హుక్కా పీల్చినట్టు చప్పుడు. జాలీ క్లిప్పులు తీసి పైకెత్తేసరికి ఎండు వేపాకు, కొబ్బరి పూత, మామిడి పూత అన్నీ కుళ్లి నల్లటి ముద్దైపోయి, ఎరువు గుంటలోంచి తీసినట్టుగా ఉంది. వేలు పెడితే రెండు కణుపులు దిగింది. ఆ ముద్ద మధ్యలో ఒక వేప మొక్క మొలిచి రెండాకులు వేసి ఉంది, మాస్టారు దాన్ని పీకనివ్వకుండా ముందు ఫొటో తీసుకున్నారు. చేత్తో తోడి తీశాక కూడా నీళ్లు కదల్లేదు. తొట్టి మూలలో కిందికి పోయే గొట్టం చివర రబ్బరు మూతి ఉంటుంది, బాతు ముక్కులాగా రెండు పెదాలు అతుక్కుని ఉంటాయి, బురద వాటి మధ్య గట్టిపడిపోయింది. కింది నుంచి చెయ్యి పెట్టి ఆ మూతిని రెండు వేళ్లతో పిసికితే ముందు నల్లటి ముద్ద జారింది, ఆ వెంటనే నా మోచేతి దాకా నీళ్లు. మొత్తం ముప్పావుగంట పని. ఆయన అంతకుముందు రెండు చోట్ల కలిపి ఎంత పెట్టారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీరు ఇది ఇంట్లోనే చేసుకోవచ్చు. బానెట్ ఎత్తండి, జాలీ రెండు చివర్లా చూడండి, చేత్తో అందిన ఆకులు తీయండి, మిగతావి చీపురు పుల్లతో లాగండి. పైపుతో కొట్టి లోపలికి తోయకండి, అలా చేస్తే చెత్త సరిగ్గా కంత మీదే కూర్చుంటుంది. తర్వాత చెంబుడు నీళ్లు మెల్లగా ఒక పక్క పోయండి, కాసేపట్లో అదే పక్క చక్రం వెనకాల నేల మీద పడాలి. రెండో పక్క కూడా.

ఏసీ పైపు సంగతి. బండి కింద దూరి చూస్తే ఇంజినుకీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న గోడ అడుగున చిటికెన వేలంత రబ్బరు గొట్టం వేలాడుతుంది. అందులో దుమ్ము, నాచు పేరుకుంటాయి, మట్టిగూడు కట్టే కందిరీగలకీ ఆ గొట్టం మహా ఇష్టం. రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి ట్యాక్సీ తిప్పే కుర్రాడొకడు నిండు మే నెలలో, చుక్క వాన లేకుండా, పక్క సీటు కింద నీళ్లతో వచ్చాడు. మలుపు తిరిగితే పక్కన కూర్చున్నవాళ్ల పాదాల మీద చల్లగా పడుతున్నాయంటే అప్పుడే అర్థమైంది. గొట్టం కొన నలిపితే మట్టి పలుకులు రాలాయి. మెత్తటి నైలాన్ వైరు చాలు. ఇనప తీగ పెట్టి పొడవకండి, లోపల కూలింగ్ కాయిల్‌కి తగిలిందంటే గ్యాసు పోతుంది, అప్పుడు నిజంగానే డాష్‌బోర్డ్ విప్పాల్సి వస్తుంది. కంప్రెసర్ గాలి ఫుల్ ప్రెజర్‌తో కొట్టినా లోపల పైపు ఊడిపోయే ప్రమాదం ఉంది.

ఈ రెండూ బాగానే ఉంటే అప్పుడు నీళ్ల పైపుతో పరీక్ష. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు లోపల సెల్‌ఫోన్ లైటుతో, ఇంకొకరు బయట. పైపుకి నాజిల్ వద్దు, మొక్కలకి పోసినట్టు మెల్లగా పారాలి. కింది నుంచి పైకి వెళ్లాలి. ముందు డోరు గడప, తర్వాత డోరు అద్దం, తర్వాత జాలీ, ముందు అద్దం అడుగు, పక్కలు, పై అంచు, చివరికి రూఫ్. ఒక్కో చోట పది నిమిషాలు. చాలామంది మొదటే పైన పోస్తారు, నీళ్లు కిందికి కారుతూ అన్నిటినీ తడిపేస్తాయి, లోపల చుక్క కనిపించినా ఎవరి పనో తెలియదు. వాటర్ సర్వీసింగ్ గన్నుతో మాత్రం వద్దు, ఆ ఫోర్సుకి మంచి రబ్బరు కూడా లొంగుతుంది, లేని లీకు కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని ఇంకో సిలికాన్ ట్యూబు అవుతుంది.

లోపలున్నవాళ్లు చుక్క పడిన చోట ఆగిపోకూడదు. వేలితో పైకి తడుముకుంటూ వెళ్లాలి, తడి ఎక్కడ ఆగి పొడి మొదలైందో ఆ సరిహద్దు కావాలి మనకి. పాత లీకైతే తుప్పు చార, మట్టి గీత కూడా ఉంటుంది.

నేనూ ఒకసారి బాగా బోల్తా పడ్డానండి, చెప్పుకోవాలి. రాజోలు నుంచి ఒక సెడాన్. ముందు ఎడమవైపే తడి. అద్దం ఈమధ్యే మార్పించారని చెప్పారు, ఇంకేం, అదేననుకుని తెలిసినవాళ్ల చేత మళ్లీ అతికించాను. వారం తిరక్కుండా ఫోన్. రెండోసారి రూఫ్ యాంటెన్నా కింద వాషరు మార్చాను. మళ్లీ ఫోన్. నా దగ్గర ఎన్ని నీళ్లు పోసినా చుక్క రాదు, ఆయన ఇంటికెళ్తే కార్పెట్ తడి. చివరికి ఒక ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లాను. మన ఊళ్ల సంగతి తెలుసుగా, రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుకుంటూ పోయారు, పాత ఇళ్లన్నీ పల్లంలో పడ్డాయి. ఆయన గట్టు మీది నుంచి వాకిట్లోకి దింపి, బండి మూతి కిందికి వంచినట్టు పెడుతున్నారు. నీళ్లు దూరుతోంది వెనక ఎడమ డోర్లోంచి, అక్కడి నుంచి గడప లోపలి వైర్ల కాలవ వెంట ముందుకు పారి పల్లంలో చేరుతున్నాయి. నా షెడ్డులో నేల చదును, పైగా నేను వెనక డోరు మీద నీళ్లే పోయలేదు. అప్పటి నుంచి ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న అదే, బండి ఇంటి దగ్గర ఎటు వాలుగా పెడతారు అని. మీరూ పరీక్ష చేసేటప్పుడు రోజూ పెట్టే చోటే, పెట్టే తీరులోనే పెట్టి చేయండి. ఏసీ పరీక్షకి మాత్రమే చదును నేల.

ఆ వెనక డోరు ఎందుకు కారిందో కూడా చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. డోరు లోపలికి నీళ్లు పోవడం తప్పు కాదు, ప్రతి వానకీ అద్దం సందులోంచి లోపలికి వెళ్తాయి, అడుగున ఉన్న సన్నటి కంతల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా డోరు ప్యాడ్ వెనకాల ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది, దాన్ని నల్లటి జిగురు తాడుతో అంచులన్నీ అతికిస్తారు. స్పీకర్లు వేయించినా, పవర్ విండో మోటరు బాగు చేయించినా ఆ షీటు విప్పాలి. విప్పినవాళ్లు తొందరలో చింపేస్తారు, లేదా సెల్లోటేపు అంటించి ప్యాడ్ మూసేస్తారు. రాజోలు బండికి జరిగింది అదే. కొత్త బీడింగ్ వేసినా ఈ లీకు ఆగదు, ఎందుకంటే నీళ్లు బీడింగ్‌కి లోపలి పక్క నుంచి వస్తున్నాయి. మీ బండికి ఎడమ డోర్లు ఏవైనా విప్పి ఉంటే దీన్నీ లెక్కలో పెట్టుకోండి, డోరు అడుగు కంతల్లో మట్టి ఉంటే చీపురు పుల్లతోనే తీసేయండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తడి జిడ్డుగా, ఆకుపచ్చగానో గులాబీ రంగుగానో ఉండి, కాస్త తియ్యటి వాసన వస్తూ, అద్దం లోపలివైపు నూనె పూసినట్టు మసక కడుతుంటే అది నీళ్లు కాదు, డాష్‌బోర్డ్ లోపలుండే హీటర్ కోర్ నుంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్ని చల్లబరిచే ద్రవం. బానెట్ కింది డబ్బాలో మట్టం తగ్గుతోందా చూడండి, ఇంజిను వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దు, బండి ఎక్కువ తిప్పకుండా మెకానిక్‌కి చూపించండి. సన్‌రూఫ్ ఉన్న బండైతే, దాని చుట్టూ ఉన్న కాలవలోకి నీళ్లు రావడం మామూలే, మూలల్లో సన్న పైపులు వాటిని కిందికి దించుతాయి. గ్లాసుడు నీళ్లు ఒక్కో మూలలో మెల్లగా పోసి కింద పడుతున్నాయో లేదో చూస్తే చాలు. డిక్కీలో తడైతే స్టెపినీ తీసి చూడాలి, ఎక్కువగా వెనక లైటు చుట్టూ ఉన్న రబ్బరే దొంగ. ఒకాయన డిక్కీలో నీళ్లు, పైగా భరించలేని వాసన అని వచ్చారు, గంటసేపు వెతికాను, చివరికి యానాం నుంచి ఐసు పెట్టెలో పులస తెచ్చుకున్న సంగతి ఆయనకే గుర్తొచ్చింది. అది లీకు కింద రాయను.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండైతే ఒక మాట. 2022 జూలై గోదావరి వరద లాంటిది వచ్చిన తర్వాత కొన్నాళ్లు వరద చూసిన బండ్లు తగులుతూ ఉంటాయి. సీటు బోల్టులకి అడుగున తుప్పు, సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర్లో మట్టి మరక, స్టెపినీ గుంట మూలల్లో సన్నటి ఒండ్రు, ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆ బండి లీకు అవ్వలేదు, మునిగింది.

అద్దం చుట్టూ పూసిన సిలికాన్ గురించి: నిజంగా అద్దం లీకే అయితే అది అద్దం తీసి, పాతది గీకేసి, అద్దాలకి వాడే అసలు జిగురుతో మళ్లీ అతికించాల్సిన పని. పైన పూసిన సిలికాన్ రెండు వానలకి ఊడుతుంది, తర్వాత అసలు జిగురు దాని మీద సరిగ్గా పట్టదు, పులుపు వాసన వచ్చే రకమైతే రేకు కూడా తినేస్తుంది. మీరు ఇక పూయించకండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. కార్పెట్ ఎత్తినప్పుడు సీట్ల కింద, గేరు దగ్గర పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి, అవి ఎయిర్‌బ్యాగువి. ఊడదీయొద్దు, డ్రయ్యరు పెట్టొద్దు, టెస్ట్ ల్యాంపు అసలే పెట్టొద్దు. నీళ్లు వాటి దాకా వచ్చి ఉంటే బండి స్టార్ట్ చేయకుండా బ్యాటరీ తీయించి ఎలక్ట్రీషియన్‌ని ఇంటికే పిలవండి.

వేపచెట్టు కింద నుంచి బండి తీయమని చెప్పను, మన ఎండలకి ఆ నీడ కావాలి. వానలు ఉన్నన్నాళ్లు పదిహేను రోజులకోసారి బానెట్ ఎత్తి ఆకులు తీసుకుంటే సరిపోతుంది. రేపు పొద్దున్నే ముందు క్యాబిన్ ఫిల్టరు లాగి చూడండి, ఆ తర్వాత జాలీ. ఈలోగా డాష్‌బోర్డ్ విప్పుతానన్నాయనకి ఈ వారం రావట్లేదని ఒక ఫోన్ కొట్టండి.